పంతులు లేని గట్టిమేళం

దుబాయ్‌కి గంట దూరంలో ఉన్న ఉమ్ అల్ క్వైన్‌లో నీళ్ల ట్యాంకులు చేసే ఆ కార్ఖానాలో "షావలి ఎక్కడ?" అని అడిగితే ఏ షావలి అని ఎదురడుగుతారు. "లీకేజీ షావలి" అంటే మాత్రం గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా చెయ్యెత్తి చూపిస్తాడు. ఫైబర్ ట్యాంకు తయారయ్యాక దాన్ని నీళ్లతో నింపి, చుట్టూ తిరిగి, వేళ్లతో తట్టి, చెమ్మ ఎక్కడ ఊరుతోందో చూసి సుద్దముక్కతో గీత పెట్టడం ఆయన పని. కంటితో చూడకముందే చెవితో పట్టేస్తాడని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. పట్టకేం చేస్తుంది? ముప్పై ఏళ్లు శ్రుతి పట్టిన చెవి అది. ప్రొద్దుటూరు పక్కన ఆయన సొంత పల్లెలో ఈ లీకేజీ సంగతి ఎవరికీ తెలీదు. అక్కడ ఆయన సన్నాయి షావలి.

ఆ పేరు ఊరికే రాలేదు. నూర్‌బాషాల ఇల్లు వాళ్లది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది నమాజు, బతికేది మేళం మీద. ఊళ్లో ఏ పెండ్లి జరిగినా, ఏ దేవుడి ఊరేగింపు కదిలినా ముందు నడిచేది ఆ ఇంటి సన్నాయే. శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణానికి షావలి తండ్రి బుడేన్ సాహెబ్, ఆయనకు ముందు ఆయన తండ్రి, అంతకు ముందు పేరు కూడా గుర్తులేని తాతలు వరసగా వాయిస్తూ వచ్చారు. సాయిబులు రాములవారి పెండ్లికి మేళం వాయించడమేందని ఊరికి కొత్తగా వచ్చిన అల్లుళ్లు నోరు తెరిచేవాళ్లు. "నీకు తెలీదులే నాయనా, ముందు అన్నం తిను" అని అత్తగార్లు వాళ్ల నోరు మూయించేవాళ్లు.

బుడేన్ సాహెబ్ మహా ముక్కోపి. కొడుక్కి ఎనిమిదో ఏట పాఠం మొదలుపెట్టి, ఏడాది పాటు సన్నాయి ముట్టుకోనివ్వలేదు. తెల్లవారుతూనే బావిలో గొంతుదాకా దింపి, పిల్లవాడి దవడలు టకటకలాడుతుంటే తాను గట్టున బీడీ కాలుస్తూ కూర్చుని, "నోరు గాదురా ఊదేది, కడుపు ఊదల్ల!" అని అరిచేవాడు. ఏడాది తర్వాత సన్నాయి చేతికిచ్చి ఒకే ఒక్క నియమం చెప్పాడు. "నువ్వు ఏ రాగం తప్పినా జనం మర్చిపోతారు. మూడు ముళ్లు పడేటప్పుడు మాత్రం గట్టిమేళం ఆగగూడదు. ఊదుతూనే ముక్కుతో దొంగూపిరి తీసుకుంటావో, ఇంకేం చేస్తావో నీ ఇష్టం. ఆ కాసేపు ఎవడు తుమ్మినా, ఎవరు ఏడ్చినా పెండ్లికూతురి చెవిన పడగూడదు. అక్కడ ఊపిరి తెగిందా, సన్నాయి మూటగట్టి పెట్టేయ్. మళ్లా పెండ్లిలో కూర్చోవద్దు."

షావలికి ఎన్నడూ తెగలేదు. వందల పెండ్లిళ్లు వాయించాడు. ఎండాకాలం ముహూర్తాలకు ఒకే రోజు మూడు ఊళ్లు తిరిగాడు. ఒకే ఒక చెడ్డ అలవాటు ఉండేది పాపం. భోజనాల వేళ సినిమా పాటలు వాయిస్తూ వాయిస్తూ, మధ్యలో ఎక్కడా లేని సొంత వరస ఒకటి దూర్చేవాడు. తండ్రికి ఒళ్లు మండిపోయేది.

"ఇదేం పాటరా?"

"ఊరికే, అట్ల వచ్చింది నాయనా."

"వచ్చిందల్లా ఊదేదానికి ఇది మీ అత్తగారిల్లనుకున్నావా?"

బుడేన్ సాహెబ్ పోయాక మేళం పీట మీద షావలి కూర్చున్నాడు. మూడు నవములు వాయించాడు. నాలుగోదానికి 2020 వచ్చింది. ఆ ఏడు రాములవారి పెండ్లి గుడి తలుపులు మూసి, పూజారి ఒక్కడే చేశాడు. మనుషుల పెండ్లిళ్లు పదిమందితో, మూతికి గుడ్డలు కట్టుకుని ఐపోయాయి. ఆ పదిమందిలో మేళగాడికి చోటెక్కడిది? షావలి సన్నాయికి నూనె రాసి, తుడిచి, గూట్లో పెట్టి, అరుగు మీద కూర్చుని రోడ్డు చూశాడు. రోడ్డు మీద కుక్కలు తప్ప ఏమీ కనపడలేదు. భార్య హుస్సేనమ్మ చూసి చూసి, దుబాయ్‌లో ఉన్న తన అన్నకు ఫోన్ చేసింది. అన్న అల్లాబకాష్ ఉమ్ అల్ క్వైన్ ట్యాంకుల కార్ఖానాలో ఫోర్‌మన్. "పంపియ్ చెల్లీ. బావను నేను చూసుకుంటాలే" అన్నాడు. ఆ ఏడు చివర్లో షావలి విమానమెక్కాడు. పెట్టెలో నాలుగు జతల బట్టలు, నిమ్మకాయ ఊరగాయ, పాత పంచెలో చుట్టిన సన్నాయి.

రెండు నెలలు తిరక్కుండానే కరోనా జబ్బు ఆయన్ను పట్టుకుంది. పనివాళ్లుండే క్యాంపులో సగంమందికి తగులుకుంది. మిగతావాళ్లు జలుబులాగా దులిపేసుకున్నారు గానీ షావలికి మాత్రం ఊపిరితిత్తుల్లో కూర్చుంది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ముక్కుకు గొట్టంతో పడుకున్నాడు. లేచి కూర్చోగలిగిన రోజున మలయాళీ నర్సు ఒకామె ఓ ప్లాస్టిక్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. మూడు గదులు, మూడు రంగుల బంతులు, ఒక గొట్టం. బంతులు పైకి లేపాలని సైగ చేసింది.

అబ్బో, ఇంతేనా అనుకున్నాడు షావలి. గొట్టం పెదాల మధ్య బిగించి, బుడేన్ సాహెబ్ కొడుకులాగా కడుపులోంచి ఊదాడు. ఒక్క బంతి కదిలితే ఒట్టు. మళ్లీ ఊదాడు. దగ్గు తెర కమ్ముకొచ్చి కళ్లెంట నీళ్లు కారాయి. నర్సు మాస్కు వెనక నవ్వు ఆపుకుంటూ, "ఊదకు భయ్యా, పీల్చు! లోపలికి పీల్చు!" అని హిందీలో చెప్పింది. సరే, పీల్చాడు. మొదటి బంతి సగం లేచి టక్కున పడిపోయింది. రెండోది, మూడోది అసలు తనను కాదన్నట్టు కూర్చున్నాయి. నర్సు ఫర్వాలేదు, మెల్లగా వస్తుందంది. ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా స్వరం నిలిపిన మనిషికి ఇప్పుడు తొమ్మిదికే దగ్గొస్తోంది.

కార్ఖానాకు తిరిగొచ్చాక అల్లాబకాష్ ముదీర్‌తో, అదే మేనేజరుతో, మాట్లాడి, ట్యాంకులు పోతపోసే చోటి రసాయనాల ఘాటులోంచి తప్పించి లీకేజీ చూసే పనిలో పెట్టించాడు. రోజూ హుస్సేనమ్మ ఫోన్. "ఊదినావా?" "డ్యూటీ ఉండాది." "ఈరోజన్నా?" "రూంలో జనం నిద్రపోతాండారు." అబద్ధాలేమీ కావు గానీ నిజాలూ కావు. సన్నాయి మంచం కింద పెట్టెలోనే ఉంది. ఊరి నుంచి నవమి కబురు వచ్చింది. ఆ ఏడు రాలేనన్నాడు. పైఏడూ అదే మాట. మేళం లేకుండా మైకులో క్యాసెట్ పెట్టి కల్యాణం కానిచ్చారని విని మంచం కింది పెట్టెకు తాళం వేశాడు.

కార్ఖానా వెనక పెరట్లో ఒక పెద్ద ట్యాంకు పక్కకు దొర్లి ఉండేది. పుట్టుకతోనే బీట పడిందని ఎవరూ కొనలేదు. ఇరవై వేల లీటర్లది, లోపల ఇద్దరు మనుషులు నిలబడి చేతులు చాపొచ్చు. ఒక చలికాలపు సెలవురోజు పొద్దున, ఎవరూ చూడకుండా, షావలి సన్నాయి పట్టుకుని మూత తీసి ఆ ట్యాంకులోకి దూరాడు. రూములో ఆరుగురి మధ్య ఊదలేడు. బయట ఊదితే దగ్గు అందరికీ వినిపిస్తుంది. ఆయన దాక్కోవడానికే వెళ్లాడు, ఇంకేం లేదు.

సన్నాయి కొసన ఉండే రెల్లు పీకను నాలుకతో తడిపి ఒక్క స్వరం పట్టాడు. తొమ్మిది అంకెలకు దగ్గొచ్చి తెగిపోయింది. కానీ స్వరం ఆగలేదు! ట్యాంకు దాన్ని పట్టుకుని, గుండ్రంగా తిప్పి, తల వెనక నుంచి తెచ్చి చెవిలో పోసింది. షావలి సన్నాయి దించి, నోరు తెరుచుకుని, అది పూర్తిగా చల్లారేదాకా విన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాడు. మనిషన్నాక ఏడుపొస్తుంది. అందులో దాచేదేముంది?

అప్పట్నించి ప్రతి సెలవుకీ ట్యాంకే. ఊపిరి పొట్టిది కాబట్టి పలుకులూ పొట్టివే వచ్చేవి. ఒక పలుకు ఊది ఆగేవాడు. ట్యాంకు ఆ పలుకును తిప్పుతుండగా గాలి పీల్చుకునేవాడు. అది సద్దుమణిగే లోపల దాని మీద ఇంకో పలుకు వేసేవాడు. పెండ్లి భోజనాల వేళ తండ్రి చేత తిట్లు తిన్న ఆ సొంత వరసలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, ఈసారి ఖాళీలతో సహా. ఏడాది తిరిగేసరికి నాలుగు పాటలు తయారయ్యాయి. తాను పాటలు కడుతున్నానని ఆయనకు తెలియనే తెలియదు. కాలక్షేపం అనుకున్నాడు.

ఆ సంగతి కనిపెట్టింది సత్యప్రసాద్. కాకినాడ మనిషి, బర్ దుబాయ్‌లో నీళ్ల మోటార్ల కంపెనీలో ఇంజనీరు. ట్యాంకులు చూడ్డానికి కార్ఖానాకు వచ్చి, పెరట్లో నడుస్తూ ఒక్కసారిగా ఆగిపోయాడు. ట్యాంకు పాడుతోంది. మూత తీసి తొంగి చూశాడు.

"ఎవరండీ లోపల?"

షావలికి పైప్రాణాలు పైనే పోయాయి. "డ్యూటీలో లేను సార్! ఈరోజు నాకు సెలవు!" అని అరిచాడు. ఆ మాటను కూడా ట్యాంకు మూడుసార్లు చెప్పింది.

"బాబోయ్, డ్యూటీ ఎవడికి కావాలండీ! ఇందాక వాయించారే, అదెవరు కట్టారు?"

"కట్టిందేముంది సార్. ఊపిరి చాలక అట్ల వచ్చింది."

సత్యప్రసాద్ ప్యాంటు పాడవుతుందని కూడా చూసుకోకుండా లోపలికి దూరి, ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. ఆయనకు గిటారు పిచ్చి. డ్రమ్ములు వాయించే హైదరాబాదు కుర్రాడు ఫరాజ్, ఇంకా ఇద్దరు స్నేహితులు కలిసి ఒక బ్యాండు నడుపుతున్నారు. పల్లెపాటల్ని తీసుకుని గిటారు, డ్రమ్ములతో దంచి వాయించడం వాళ్ల పద్ధతి. బర్ దుబాయ్‌లో ఒక బట్టల కొట్టు పైన గది అద్దెకు తీసుకుని ఆదివారాలు సాధన. "మీరు ఖాళీ వదిలిన చోట నా గిటారు దూరుతుందండీ. ట్యాంకు చేసే పని నేను చేస్తాను" అన్నాడు.

ట్యాంకు ఉద్యోగం అడిగిన ఇంజనీరును షావలి అదే మొదటిసారి చూడటం. నవ్వొచ్చింది. ఒప్పుకున్నాడు.

మొదటి నెలంతా గొడవే. శ్రుతి దగ్గర గొడవ, తాళం దగ్గర గొడవ. ఏసీ గాలికి పీక ఎండిపోయి పలక్కపోతే షావలి దాన్ని చాయ్ గ్లాసులో నానబెట్టేవాడు. ఫరాజ్ ఒకసారి చూడకుండా ఆ చాయ్ తాగేసి, పీక గొంతుకు అడ్డం పడబోయి, "చాచా, మీ పాట నా కడుపులోకి పోయేది!" అని లబలబలాడాడు. కింద కొట్టులో చీరలు కొలిచే వాళ్లు మొదట విసుక్కున్నారు, తర్వాత ఆదివారం ఆలస్యమైతే "ఇంకా మొదలెట్టలేదేంటి?" అని మెట్ల మీద నిలబడి అడిగేవాళ్లు. గిటారు పక్కన సన్నాయి పెడితే కోడిపుంజు పక్కన పిల్లిని పెట్టినట్టుంటుందని భయపడిన షావలికి, నాలుగో నెలకు గిటారు లేకుండా తన పాట బోసిగా వినిపించడం మొదలైంది.

చిన్న చిన్న ప్రోగ్రాములు వచ్చాయి. షార్జాలో ఒకటి, అబుదాబిలో రెండు. ఫోన్లలో వీడియోలు తిరిగాయి. 2023 చివర్లో ఒక పోస్టరు వేశారు. దాని మీద సత్యప్రసాద్ పట్టుబట్టి "స్వరకర్త: షావలి" అని పెద్ద అక్షరాలతో రాయించాడు. షావలి ఆ పోస్టరు ఫొటో తీసి హుస్సేనమ్మకు పంపాడు.

ఆమె వెంటనే ఫోన్ చేసింది. "పేరు బాగుండాది. ఇంటి గోడకు అంటిస్తాలే. ఇప్పుడు నవమి సంగతి చెప్పు."

"ఏం చెప్పేది?"

"పెద్దమనుషులు వచ్చిపోయినారు. నాలుగేండ్లు చూసినాం, ఇంగ చూడలేం అన్నారు. శివరాత్రికల్లా మాట చెప్పల్లంట. నువ్వు రాకుంటే జమ్మలమడుగు మేళానికి రాసిస్తారంట, ఈ ఏటికే గాదు, ఎప్పటికీ. వాళ్లకూ ఒక ఇల్లు ఖాయంగా ఉండల్ల గదా."

షావలి ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"బ్యాండులో బాగానే ఊదుతాండావు గదా? ఈడియోలో చూస్తి."

"అది వేరే హుస్సేనీ. అది చిన్న చిన్న పలుకులు. మధ్యలో ఆ సార్ గిటారు ఉంటాది. కల్యాణంలో ఎవరుంటారు? రాములవారు తాళి కడ్తాంటే నాకు దగ్గొస్తే? ఊరంతా చూస్తాంటే ఊపిరి తెగితే? మా నాయన చెప్పిన మాట నీకు తెల్సు."

"తెల్సు. అందుకే అడుగుతాండా. వస్తావో రావో నువ్వే చెప్పు. నేను చెప్పను."

అదీ ఆయన మెడకు చుట్టుకున్న విషయం. సెలవు ఇప్పిస్తానని అల్లాబకాష్ ముందే చెప్పాడు. టికెట్టు కంపెనీ ఇస్తుంది. అడ్డమేదీ లేదు, ఒక్క ఊపిరి తప్ప. ట్యాంకులో కూర్చుని ఎన్నిసార్లు ప్రయత్నించినా గట్టిమేళం సగంలో తెగుతోంది. మనసులో అంకెలు లెక్కపెడతాడు. పద్దెనిమిది దాకా బాగానే ఉంటుంది. పంతొమ్మిది అనగానే ఛాతీ బిగుసుకుని దగ్గు వచ్చేస్తుంది. తాతల నాటి పీట తన చేతిలో పోతోందని ఒక్కడే కూర్చుని కుమిలిపోయాడు. పోనీ ఊపిరి బాగుందని అబద్ధం చెప్పి పోదామా అంటే, అది గుడి. ఎవరి గుడైతే ఏం?

శివరాత్రికి పన్నెండు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, దుబాయ్‌లో తెలుగువాళ్ల కుటుంబ సమ్మేళనం ఒకటి పెట్టుకున్నారు. ఒక స్కూలు ఆడిటోరియం. నాలుగువందల మంది పైనే. పట్టుచీరలు, పిల్లల పరుగులు, మనవల్ని చూడ్డానికి వచ్చిన అమ్మమ్మలు ముందు వరసలో. తలా ఒక పాప్‌కార్న్ పొట్లం చేతిలో. బ్యాండుది చివరి అంశం. అల్లాబకాష్ కూడా కార్ఖానా పికప్ వేసుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు.

మొదటి రెండు పాటలు బాగా పోయాయి. మూడో పాటలో షావలి ఒక పిచ్చిపని చేశాడు. ఈ నాలుగువందల మంది ముందు నిలిపితే ఊళ్లో నిలుపుతానని తనలో తాను పందెం కట్టుకుని, పాట చివర, ఎవరికీ చెప్పకుండా, పొడుగు స్వరం ఒకటి పట్టాడు. లోపల లెక్క మొదలైంది. పదిహేను. పదహారు. పదిహేడు. పద్దెనిమిది. అంతే, దగ్గు. సన్నాయి కీచుమని తెగిపోయింది. సత్యప్రసాద్ గబుక్కున గిటారుతో కప్పేశాడు. జనానికి పెద్దగా తెలియలేదు, చప్పట్లు కూడా కొట్టారు. షావలికి తెలుసు. ఐపోయింది, ఖలాస్ అనుకున్నాడు. రేపు పొద్దున ఫోన్ చేసి జమ్మలమడుగు వాళ్లకు రాసిచ్చేయమని చెప్పాలి. సన్నాయి ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు.

అప్పుడే స్పీకరు ఒకటి చెవులు చిల్లులు పడేలా కూత మొదలుపెట్టింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. సత్యప్రసాద్ స్టేజీ మధ్యలో నిలబడి, హాలు చివర మైకుల దగ్గరున్న మనిషికి కనపడేలా కుడిచెయ్యి పైకెత్తి, ఆ మీట తిప్పరా బాబూ, తగ్గించరా అన్నట్టు చూపుడువేలు గిరగిరా తిప్పాడు.

షావలి తలెత్తాడు. ఎదురుగా పైకెత్తిన చెయ్యి. గిరగిరా తిరుగుతున్న వేలు.

ఇక్కడ ఒక సంగతి. పెండ్లిపీటల మీద పురోహితుడు మంగళసూత్రం అందిస్తూ చేసేది సరిగ్గా ఆ సైగే. చెయ్యి ఎత్తి వేలు తిప్పాడంటే గట్టిమేళం. ఆ గోలలో మాట వినపడదు, అందుకే సైగ. ఆ వేలు కనపడ్డాక మేళగాడు ఆలోచించడు. అన్నం తింటున్నా, నిద్రలో జోగుతున్నా, పక్కవాడితో తగాదా పడుతున్నా సరే, సన్నాయి నోట్లోకి పోతుంది. పాతికేళ్లుగా షావలి ఒంట్లో పాతుకుపోయిన అలవాటది.

దుబాయ్ లేదు, స్టేజీ లేదు, జబ్బు లేదు. షావలి గట్టిమేళం ఎత్తుకున్నాడు.

ఆడిటోరియం అదిరిపోయింది. ఫరాజ్‌కు అర క్షణం పట్టింది. మూసాపేటలో ఫంక్షన్‌హాలు పక్కింట్లో పుట్టి పెరిగినవాడు, ఆ మోత వినని రోజు లేదు. "యల్లా!" అని కేకపెట్టి డ్రమ్ముల మీద డోలు దరువు కురిపించాడు. ఇక జనం సంగతి అడగొద్దు. తెలుగువాళ్ల చెవిన గట్టిమేళం పడితే చెయ్యి దానంతటదే లేస్తుంది. ముందు వరసలో ఒక అమ్మమ్మ దిగ్గున లేచి, గుప్పిట్లో ఉన్న పాప్‌కార్న్ మొత్తం స్టేజీ మీదికి విసిరింది. ఆమెను చూసి పక్కామె. ఆ వెనక వరస. క్షణంలో నాలుగువందల చేతులు లేచాయి. సత్యప్రసాద్ నెత్తిన, గిటారు మీద, చొక్కా జేబులో పాప్‌కార్న్ తలంబ్రాలు.

పాపం ఆ మనిషి కొయ్యబారిపోయాడు. ఏం జరుగుతోందో అర్థంకాక నోరు తెరుచుకుని, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పెట్టి నిలబడ్డాడు.

చెయ్యి దిగలేదు. పురోహితుడి చెయ్యి దిగేదాకా మేళం ఆపకూడదు కదా! షావలి కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి. దిగదేం? ముడి పడలేదేమో. ఇంకా పడలేదేమో. ఒక మూల దొంగూపిరి తీసుకుని మళ్లీ ఎత్తుకున్నాడు. ఏ పెండ్లిలోనూ మూడు ముళ్లకు అంతసేపు పట్టదు. దిగని చెయ్యి దిగనే లేదు, ఆయన ఊదుతూనే ఉన్నాడు, కడుపులోంచి, అంకె ఒక్కటీ లెక్కపెట్టకుండా. చివరికి ముక్కు మీద పడిన పాప్‌కార్న్ దులుపుకోవడానికి సత్యప్రసాద్ చెయ్యి దించాడు. షావలి ఠక్కున ఆపాడు. ఫరాజ్ ఆఖరి దెబ్బ కొట్టాడు.

హాలంతా చప్పట్లూ, ఈలలూ, నవ్వులూ. షావలికి అవేవీ వినపడలేదు. తాను చేసిన ఘనకార్యం అప్పటికి అర్థమైంది. పరువు తీశానురా దేవుడా అనుకుని, సన్నాయి చంకన పెట్టుకుని పక్క తలుపులోంచి పార్కింగ్‌లోకి పారిపోయాడు.

అల్లాబకాష్ వెనకే వచ్చి పట్టుకున్నాడు. కాసేపటికి సత్యప్రసాద్, ఫరాజ్ వచ్చారు.

"క్షమించండి సార్. మీరు వేలు తిప్పితిరి. నేను... నాకు తెలీకుండానే..."

సత్యప్రసాద్ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "షావలి గారూ, నాకు పెళ్లయిపోయిందండీ, మళ్లీ చేసేశారు! మా ఆవిడకి ఎవరు చెప్తారు?" నవ్వాపుకుని అడిగాడు. "అది సరే, మీకు దగ్గు రాలేదేం?"

అప్పటిదాకా షావలికి ఆ సంగతే తట్టలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. ఊపిరి హాయిగా వచ్చి పోతోంది.

అంతలో కార్ల మధ్య నుంచి ఒక జంట వచ్చింది. ముప్పై ఏళ్ల లోపువాళ్లే. జగిత్యాల పక్క పల్లెవాళ్లు. ఆయన పేరు భూమేశ్, అబుదాబి దగ్గర మఫ్రఖ్ క్యాంపులో ఉంటూ క్రేన్ నడుపుతాడు. ఆమె రేణుక, దుబాయ్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. వారానికి ఒక్కరోజు కలుసుకుంటారట.

"అన్నా, ఏమనుకోకు, ఒక మాట అడుగుత" అన్నాడు భూమేశ్. "మా లగ్గం గా కరోనల అయింది. పదిమందికి ఎక్కువ వద్దన్నరు పోలీసోళ్లు. మేళం లేదు, డోలు లేదు. పుస్తె కట్టేటప్పుడు మా తమ్ముడు ఫోన్ల గట్టిమేళం పెట్టిండు. రెండో ముడి ఏస్తున్న, నడుమల సబ్బు యాడ్ వచ్చింది."

ఫరాజ్ పక్కున నవ్వి నాలుక్కరుచుకున్నాడు. రేణుక కూడా నవ్వింది. "అందరు నవ్వుతరు, మేము గూడ నవ్వుతం" అంది. "గని అన్నా, నువ్వు ఇందాక ఊదంగనే నాకు ఏడుపు ఆగలే. గా దినం ఇది ఉండాలె గదా అనిపించింది. మా కోసం ఒక్కసారి ఊదుతవా?" అంటుంటే ఆమె కళ్లు నిండిపోయాయి.

షావలి ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ఏడు అరుగు మీద కూర్చుని ఖాళీ రోడ్డు చూస్తున్నప్పుడు, అటు చివర కూడా ఎవరో తన సన్నాయి కోసం చూస్తూ ఉండి ఉంటారని ఆయనకు ఎన్నడూ తోచలేదు. పీక తీసి నోట్లో పెట్టుకుని తడుపుకున్నాడు.

"నిలబడు తల్లీ. అబ్బయ్యా, నువ్వు ఆ పక్కకు రా. పుస్తెలతాడు ముడి మీద చేతులు పెట్టు."

సాయంత్రం ఎండ మెత్తబడుతోంది. ఎక్కడి కార్లు అక్కడే నిలిచి జనం గుమిగూడారు. ఫరాజ్ కార్ఖానా పికప్ బానెట్ మీద రెండు చేతులూ పెట్టి సిద్ధంగా నిలబడ్డాడు. అల్లాబకాష్ తన బండి సొట్ట పడుతుందని అరవబోయి, రేణుకను చూసి ఊరుకున్నాడు. సత్యప్రసాద్ గొంతు సవరించుకుని, ఈసారి తెలిసే, చెయ్యెత్తి వేలు తిప్పాడు.

షావలి ఊదాడు. దగ్గు వస్తుందేమో అన్న భయం ఒక్కసారి ఛాతీ దాకా వచ్చింది. వస్తే రానీ అనుకున్నాడు. ఆ పిల్ల కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ఆమె చెవిన సన్నాయి తప్ప ఇంకేదీ పడకూడదు. భూమేశ్ ముడి మీద వేళ్లు బిగించాడు. ఒక ముడి. రెండో ముడి. రోడ్డు మీద ఏదో లారీ హారన్ కొట్టింది, ఎవరికీ వినపడలేదు. మూడో ముడి. అక్షింతలకు ఎవరి దగ్గరా ఏమీ లేవు, ఉత్త చేతులే విసిరారు. సత్యప్రసాద్ చెయ్యి మెల్లగా దించాడు.

రేణుక కొంగుతో ముఖం తుడుచుకుంది. భూమేశ్ షావలి రెండు చేతులూ పట్టుకుని, "ఊర్ల గూడ ఊదుతవా అన్నా? ఏ ఊరు మీది?" అని అడిగాడు.

"ప్రొద్దుటూరు పక్కన. మా ఊర్లో రాములవారి పెండ్లికి మా ఇంటి మేళమే. ఈ నవమికి పోతాండా."

పక్కనే ఉన్న అల్లాబకాష్ గిరుక్కున తిరిగాడు. "పోతాండావా? నాకు చెప్పనే లేదే బావా! ఎప్పుడు అనుకుంటివి?"

"ఇప్పుడే బావా" అన్నాడు షావలి. "నేను గూడా ఇప్పుడే వింటి."